స్లీపీ హాలో కథల కొత్త ఎడిషన్ రివ్యూ: కొనే ముందు చివరి పేజీ చూడండి

నమస్తే అండీ! రిప్ వాన్ వింకిల్, స్లీపీ హాలో కథల ఈ కొత్త ఎడిషన్ పబ్లిషర్ వాళ్లు నాకు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. అట్ట బాగుంది, బొమ్మలు బాగున్నాయి. నేను మాట్లాడాల్సింది వేరే ఉంది.

ఈ కథలు రాసిన అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1783లో పుట్టాడు, అమెరికా విప్లవ యుద్ధం ముగిసిన ఏడాది. ఈ కథలు 1819, 1820లలో వచ్చాయి. అప్పుడాయన ఉన్నది ఇంగ్లండ్‌లో! రిప్ వాన్ వింకిల్ కథకు మూలం ఒక జర్మన్ జానపద గాథ. దాన్ని తెచ్చి న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో పెడితే అక్కడిదే అయిపోయింది. బ్రిటిష్ పాలనలో పడుకున్న రిప్ 20 ఏళ్లు నిద్రపోయి, విప్లవం అయ్యాక లేచేసరికి సత్రం బోర్డు మీద మూడో జార్జి రాజు మొహం అలాగే ఉంది. ఎర్ర కోటు నీలమైంది, రాజదండం పోయి కత్తి వచ్చింది, కింద జనరల్ వాషింగ్టన్ అని రాసుంది. ఒక దేశం మారిపోవడాన్ని ఒక్క బోర్డుతో చూపించాడండీ. నేనెన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

ఇక స్లీపీ హాలో. విప్లవ యుద్ధంలో ఫిరంగి గుండుకు తల పోయిన హెస్సియన్ (బ్రిటిష్ వాళ్లు తెచ్చుకున్న జర్మన్) సైనికుడు రాత్రిళ్లు గుర్రమెక్కి తిరుగుతాడని ఊరంతా నమ్ముతుంది. బడిపంతులు ఇచబాడ్ క్రేన్ మాయమవుతాడు. దొరికింది టోపీ, పక్కనే పగిలిన గుమ్మడికాయ. దెయ్యమా, ఇచబాడ్ మనసుపడిన కత్రీనాను ఆ తర్వాత పెళ్లాడిన బ్రోమ్ బోన్స్ పనా? ఇర్వింగ్ తేల్చడు. పైగా కథయ్యాక చిన్న అనుబంధం ఉంటుంది. అందులో కథ చెప్పినాయన, ఇందులో సగం నేనే నమ్మను అంటాడు. నాకు ప్రాణమైన చోటు అదే.

ఈ ఎడిషన్‌లో అది తీసేశారు! ఇచబాడ్‌ను దెయ్యమే ఎత్తుకుపోయిందనే పల్లెటూరి ముసలమ్మల మాట దగ్గర కథ ఆపేశారు. ఎందుకు తీశారో ఒక్క ముక్క రాయలేదు. నేను న్యూజెర్సీ వచ్చిన కొత్తలో కొన్న పాత పేపర్‌బ్యాక్‌లో, నాసిరకం కాగితమైనా, అది పూర్తిగా ఉంది. ఆ పుస్తకం బ్యాగులో పెట్టుకునే రైల్లో, కథ జరిగే ప్రాంతమైన న్యూయార్క్ దగ్గరి టారీటౌన్ వెళ్లి, పాత డచ్ చర్చి, దాని పక్కన శ్మశానంలో ఇర్వింగ్ సమాధి చూసొచ్చాను. పక్క ఊరు నార్త్ టారీటౌన్ 1996లో తన పేరునే స్లీపీ హాలో అని మార్చుకుంది. కథకు అంత బలముంది.

అందుకే ఇది నేను కొనమని చెప్పను. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, పూర్తి కథ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదవండి. అచ్చు పుస్తకమే కావాలంటే షాపులో చివరి పేజీ తిప్పి, ఆ అనుబంధం ఉందని చూసుకుని తీసుకోండి.