మట్టి కొనే ముందు, దాని మీద ఏం పోస్తారో తేల్చుకోండి

అందరికీ నమస్కారం. ఇంట్లో సబ్బులకో, కొవ్వొత్తులకో, రెజిన్ బొమ్మలకో సొంతంగా అచ్చులు చేసుకోవాలనుకునే వాళ్లు ముందు అడిగేది "ఏ క్లే కొనాలి?" అని. క్లేతో బొమ్మ చేసి, దాని మీద పోసింది గట్టిపడితే అదే అచ్చు. అందుకే నేను తిరిగి అడిగేది, ఆ క్లే మీద ఏం పోస్తారని. ప్లాస్టర్ ఆఫ్ పారిసా, గట్టిపడితే రబ్బరులా అయ్యే సిలికానా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

ప్లాస్టర్ అయితే పెద్ద ఖర్చు లేదు. వినాయక చవితికి ప్రతిమ చేసే బంకమన్ను చాలు. రాళ్లు, వేర్లు ఏరేసి మెత్తగా పిసికితే సరి. తడిగా ఉన్న మట్టిని ప్లాస్టర్ గట్టిగా పట్టుకోదు. అది గట్టిపడ్డాక మట్టిని తవ్వి తీసి, మిగిలింది కడిగేయొచ్చు. కాకపోతే బంకమన్ను ఆరితే కుంచించుకుని పగులుతుంది. పని ఆపినప్పుడల్లా తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పాలి.

నాలుగైదు రోజులు కూర్చుని చెక్కే బొమ్మకు నూనెతో కలిపిన క్లే మంచిది. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హార్బట్ అనే కళల ఉపాధ్యాయుడు 1897లో ప్లాస్టిసిన్ తయారుచేసింది విద్యార్థులకు ఆరిపోని మట్టి ఇవ్వాలనే. అందులో నీరు ఉండదు కాబట్టి ఎన్నాళ్లయినా ఎండదు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. నూనె క్లేలలో కొన్నింట్లో గంధకం (సల్ఫర్) కలుపుతారు. శిల్పులకు ఆ నునుపు ఇష్టం. ప్లాటినం సిలికాన్‌కు, అంటే ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకానికి, మాత్రం గంధకం పడదు. ఆ ఉత్ప్రేరకం గంధకం తగిలితే పనిచేయదు. బయటి వైపు చక్కగా రబ్బరైనట్టే కనిపిస్తుంది, క్లేను తాకిన వైపు మాత్రం జిగురుగా మిగిలిపోతుంది. ఇంకో రోజు ఆగినా లాభం ఉండదు. బొమ్మ పోతుంది, క్లే కంటే ఎంతో ఖరీదైన సిలికాన్ కూడా పోతుంది. అందుకే ప్యాకెట్ మీద గంధకం లేదని రాసి ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే ఉందనే అనుకోండి. లేటెక్స్ గ్లౌజులతోనూ ఇదే ఇబ్బంది, వాటి బదులు వినైల్‌వి తొడుక్కోండి. తగరం ఉత్ప్రేరకంగా ఉండే సిలికాన్ రకానికి గంధకంతో ఈ తంటా లేదు. అయితే ఆ అచ్చు కాలం గడిచేకొద్దీ కాస్త కుంచించుకుపోతుంది, చాక్లెట్ లాంటి తినే వస్తువులకు వాడకూడదు.

మెత్తదనం సంగతి కూడా చూసుకోవాలి. రెండు ముక్కల అచ్చు చేసేటప్పుడు వస్తువును సగం వరకు క్లేలో కూరుస్తాం కదా, అక్కడ చపాతీ పిండిలా వేలితో నొక్కగానే ఒదిగేది కావాలి. పెన్ను వెనక భాగంతో నాలుగు గుంటలు పెడితే రెండు ముక్కలూ తర్వాత సరిగ్గా కూర్చుంటాయి. ముక్కూ కళ్లూ చెక్కాలంటే గట్టి రకమే నయం. మే నెల ఎండల్లో మన దగ్గర మెత్త రకం అంచులు నిలబడవు, ఈ మాట విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పరు. పూత లేని మట్టి ప్రమిదనో, చెక్క బొమ్మనో నూనె క్లేలో నేరుగా కూర్చకండి. మరక లోపలికి ఇంకిపోతుంది. ముందు వార్నిష్ పూసి పూర్తిగా ఆరనివ్వండి.

ఇక మీరు తెచ్చిన క్లే ముక్కలు ఈ బల్ల మీద పెట్టండి. ఒక్కోదాని మీద చెంచాడు ప్లాటినం సిలికాన్ పోసి, పక్కన పేరు రాసి ఉంచుదాం. డబ్బా మీద రాసిన గడువు అయ్యాక ఒలిచి, అడుగు భాగాన్ని వేలితో తాకి చూడండి. జిగురు తగిలిన క్లేను ప్లాస్టర్ పనికి పక్కన పెట్టుకోండి.