పాదరసంతో విమానం ఎగిరేదా? కొలిమి దగ్గర తేలే లెక్క

(బెంగళూరు స్టూడియోలో జరిగిన తెలుగు చర్చ పాఠం. పాల్గొన్నవారు: ప్రొపల్షన్ ఇంజనీరు, లోహశాస్త్ర అధ్యాపకురాలు, రసశాస్త్రం (పాదరసం, లోహాలతో మందులు చేసే విద్య) బోధించే ఆయుర్వేద వైద్యుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పాదరసాన్ని వేడి చేసి గిరగిరా తిప్పితే విమానం లేస్తుందని, ఆ విద్య మన పూర్వీకులకు తెలుసని, తర్వాత నశించిందని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ఆధారంగా చూపించే వైమానిక శాస్త్రం మన పక్కనున్న ఆనేకల్‌తో ముడిపడిన గ్రంథం. ఇంజనీరు గారూ, అక్కణ్నుంచే మొదలుపెడదాం.

ఇంజనీరు: ఆనేకల్ పండితులు సుబ్బరాయశాస్త్రి గారు చెబుతుంటే వెంకటాచల శర్మ గారు రాసుకున్నారు. 1923 నాటికి పూర్తయింది. బొమ్మలు గీసింది ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్, ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేసేవారు. 1974లో మన టాటా ఇన్‌స్టిట్యూట్‌కు, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు దాని భాషను, బొమ్మలను, కొలతలను పరిశీలించారు. 1904 కంటే ముందుది కాదని, అందులోని యంత్రాలు ఎగరలేవని తేల్చారు. విమర్శించాలన్నా సమర్థించాలన్నా ముందు ఆ నివేదిక చదవాలి. చాలామంది చదవరు.

వ్యాఖ్యాత: భోజరాజు పేరు కూడా వినిపిస్తుంది కదా?

అధ్యాపకురాలు: అది నిజంగా పాతదే. ఆయన పేరు మీదున్న సమరాంగణ సూత్రధారం 11వ శతాబ్దపు గ్రంథం. 31వ అధ్యాయం యంత్రాల గురించి. తేలిక కొయ్యతో పెద్ద పక్షి, దాని లోపల పాదరసం, కింద నిప్పు, ఇదీ వర్ణన. పాదరసం ఎంత, పాత్ర ఎంత, ఆవిరి ఎటు పోవాలి అన్నవి లేవు. తెలియక కాదు, గోప్యత కోసం చెప్పడం లేదని గ్రంథమే అంటుంది. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

ఇంజనీరు: వేద్దాం. విమానం 1,000 కిలోలు అనుకోండి. గాల్లో ఊరికే నిలబెట్టడానికే 9,800 న్యూటన్ల తోపు, అంటే నెట్టే బలం కావాలి. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఆవిరిని 727 డిగ్రీల దాకా కాల్చి నాజిల్‌లోంచి వదిలామనుకుందాం. దాని పరమాణువు చాలా బరువు. అందుకే అదే వేడిలో మిగతా ఆవిర్ల కంటే నెమ్మదిగా కదులుతుంది. ఏ నష్టమూ లేదనుకున్నా వేగం సెకనుకు 455 మీటర్లు దాటదు. అంటే సెకనుకు 21.5 కిలోల పాదరసం బయటికి పోవాలి. నిమిషానికి 1,290 కిలోలు! విమానం బరువు కంటే ఒక్క నిమిషానికి కావలసిన పాదరసం బరువే ఎక్కువ. అంత పాదరసాన్ని ఆ స్థితికి తేవడానికి 8 మెగావాట్ల వేడి కావాలి. ఏమాత్రం వృథా పోకపోయినా సెకనుకు అరకిలోకు పైగా ఎండుకట్టెలు మండాలి. అదే వేడి దగ్గర నీటి ఆవిరి వేగం దీనికి నాలుగు రెట్లు ఉంటుంది. తోపు కోసమే అయితే పాదరసం కంటే నీళ్లే నయం.

వ్యాఖ్యాత: బయటికి వదలకుండా లోపలే తిప్పితే? సుడి ఇంజను అంటున్నారు కదా.

ఇంజనీరు: తిరిగే పాదరసం మన దేశంలోనే ఉంది. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 4 మీటర్ల వ్యాసం ఉన్న ద్రవ దర్పణ టెలిస్కోపు పెట్టారు. దాదాపు 50 లీటర్లు, అంటే 700 కిలోల దాకా పాదరసం 8 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. తిరిగేటప్పుడు దాని పైభాగం పారాబొలా ఆకారంలోకి వచ్చి అద్దంలా పనిచేస్తుంది. బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. ఆ బరువంతా మోయడానికి గాలి పొర మీద తేలే బేరింగు అమర్చారు. ఇంకా వేగంగా తిప్పితే ద్రవం గోడలను బయటికి నెడుతుంది, అన్ని వైపులా సమానంగా. పైకి లేపే తోపు అందులోంచి రాదు.

వ్యాఖ్యాత: నాసా వాడిందన్న మాట?

ఇంజనీరు: వాడింది, నిజమే. 1964లో సెర్ట్-1, 1970లో సెర్ట్-2 అనే అంతరిక్ష ప్రయోగాలు. వాటిలో ఉన్నవి పాదరసం అయాన్లను విద్యుత్తుతో తోసే ఇంజన్లు. సెర్ట్-2 తోపు 28 మిల్లీన్యూటన్లు, ఇక్కడ భూమ్మీద 3 గ్రాముల బరువుతో సమానం. శూన్యంలో నెలల తరబడి నెట్టడానికి పనికొస్తుంది, నేల మీద కాగితాన్ని కూడా లేపలేదు. తర్వాత పరిశ్రమ జీనాన్ వాయువుకు మారింది. ఉపగ్రహాల్లో పాదరసం వాడకాన్ని 2025 నాటికి ఆపేయాలని 2022లో మినమాటా ఒప్పందం (పాదరసం కట్టడికి కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం) దేశాలు నిర్ణయించాయి. ఇంకో విషయం కూడా చెప్పాలి. అల్యూమినియం మీద పాదరసం పడి, పైనున్న ఆక్సైడ్ పొర గీసుకుపోయి ఉంటే, లోహం పువ్వులా పొంగి రాలిపోతుంది. విమానాల్లో పాదరసం తీసుకెళ్లడంపై కట్టడి అందుకే.

అధ్యాపకురాలు: నాకు బాధ ఎక్కడంటే, ఈ ఎగిరే పాదరసం గోలలో నిజంగా ఉన్న విద్య మరుగున పడుతోంది. డాక్టరు గారు ఇంగిలీకం సంగతి చెప్పాలి.

వైద్యుడు: ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. 100 గ్రాముల స్వచ్ఛమైన ఇంగిలీకంలో 86 గ్రాముల పాదరసం ఉంటుంది. కల్వంలో నిమ్మరసం పోసి నూరి, బిళ్లలు చేసి ఆరబెట్టి కుండలో పెడతారు. దాని మీద ఇంకో కుండ మూతికి మూతి కలిపి బోర్లిస్తారు. ఇదే డమరు యంత్రం. సంధికి ఏడు చీలమన్నులు, అంటే మట్టి పూసిన గుడ్డ పొరలు, ఒక పొర ఆరాకే ఇంకో పొర. కింద మంట, పైకుండ మీద తడిగుడ్డ. పాదరసం పైకుండ లోపల మసితో కలిసి అంటుకుంటుంది. చల్లారాక గీసి, వేడినీళ్లతో కడిగి, గుడ్డలో వడకడతారు.

అధ్యాపకురాలు: తేడా వచ్చేది ఎక్కడో కూడా చెప్పండి.

వైద్యుడు: మూడు చోట్ల. పొరలు ఆరకముందే మంట పెడితే సంధి చిట్లుతుంది, ఆవిరి బయటికొస్తుంది, వాసన ఉండదు కాబట్టి పక్కనున్నవాళ్లకు తెలియదు. తడిగుడ్డ ఆరిపోతే పైకుండ వేడెక్కి పాదరసం నిలవదు. మంట ఒక్కసారిగా పెంచితే ఇంగిలీకమే ఆవిరై పైకెళ్లి మళ్లీ ఇంగిలీకంగానే పేరుకుంటుంది.

అధ్యాపకురాలు: ఆ మూడోదానికి కారణం గంధకం. వేడికి విడిపోయిన పాదరసం, గంధకం చల్లబడేటప్పుడు మళ్లీ కలుస్తాయి. గంధకాన్ని పట్టి ఉంచడానికి గాలి గానీ సున్నం గానీ ఇనుము గానీ కావాలి. కుండలో గాలి కొంచెమే. సున్నం కలిపితే రాబడి పెరుగుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, దయచేసి ప్రయత్నించకండి. నా ఉద్దేశం, ఆవిరిని పట్టి చల్లార్చే చేతివాటం ఇక్కడ ఎంత పదునెక్కిందో చూపించడమే. ఆవిరిని కిందికి దింపి పట్టే విద్య జావర్‌లో ఇంకా పెద్ద స్థాయిలో కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: రాజస్థాన్‌లోని జావరేనా?

అధ్యాపకురాలు: అవును, ఉదయపూర్ దగ్గర. జింకుతో చిక్కేమిటంటే, ఖనిజం నుంచి అది విడిపోవడానికి 1,000 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కానీ 907 డిగ్రీలకే మరిగిపోతుంది. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది, గాలి తగిలితే మళ్లీ బూడిదైపోతుంది. జావర్ పనివాళ్లు వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేశారు. కాల్చిన ఖనిజం, డోలమైటు, ఉప్పు వంటివి కలిపి ఉండలు చేసి నింపేవారు. మూతిలో ఒక పుల్ల గుచ్చి మూసను తలకిందులుగా నిలబెట్టేవారు. వేడెక్కేదాకా ఉండలు జారకుండా పుల్ల ఆపుతుంది, తర్వాత అది కాలిపోయి ఆవిరికి దారి వదులుతుంది. ఎంత గొప్ప ఆలోచనో చూడండి! కొలిమికి 36 మూసలు, 6 వరుసలు, వరుసకు 6. అడుగున చిల్లుల పలక. దాని కింది గది జింకు ద్రవంగా నిలిచేంత చల్లగా, గడ్డకట్టనంత వేడిగా ఉండాలి. గడ్డకట్టేది 420 డిగ్రీల దగ్గర. గది మరీ చల్లబడితే ఆవిరి కిందికి దిగే గొట్టం మూసుకుపోయి మూస పగులుతుంది. గాలి లోపలికొస్తే తెల్లటి పొడి తప్ప లోహం దక్కదు.

వ్యాఖ్యాత: ఇది జరిగిందని ఎలా తెలుసు?

అధ్యాపకురాలు: కొలుములే దొరికాయి కాబట్టి. 1980లలో బ్రిటిష్ మ్యూజియం, బరోడా విశ్వవిద్యాలయం, హిందుస్థాన్ జింక్ కలిసి తవ్వితే మూసలు లోపలే ఉన్న కొలుములు బయటపడ్డాయి. వాడి పారేసిన మూసలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి, వాటితో ఇళ్ల గోడలు కూడా కట్టుకున్నారు. రసరత్న సముచ్చయం అనే పాత రసశాస్త్ర గ్రంథంలో ఇదే ఆకారం మూస వర్ణన ఉంది. యూరప్‌లో విలియం ఛాంపియన్ బ్రిస్టల్‌లో జింకు బట్టీకి పేటెంటు తీసుకున్నది 1738లో. శ్లోకం, మూస, చెత్త, మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. పాదరస విమానానికి శ్లోకం తప్ప మిగతావేవీ లేవు.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల ప్రశ్న ఒకటి. ఆన్‌లైన్‌లో కొన్న పాదరస లింగానికి రోజూ పాలతో అభిషేకం చేసి తీర్థంగా తీసుకుంటున్నాం, ఫర్వాలేదా అని.

వైద్యుడు: తీసుకోకండి. స్వచ్ఛమైన పాదరసం మైనస్ 39 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదు. బెంగళూరు ఇంట్లో గట్టిగా ఉందంటే అందులో తగరమో, వెండో, సీసమో కలిసింది. సీసం ఉంటే అదే వేరే విషం. లింగం మీద చిన్న చిన్న వెండిచుక్కలు చెమటలా కనిపిస్తే పాదరసం బయటికొస్తోందని అర్థం. మూసిన గదిలో 20 డిగ్రీల దగ్గర గాలిలో పట్టగలిగినంత పాదరసం నిండితే ఘనమీటరుకు 13 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అమెరికాలో కార్మికులకు సూచించిన పరిమితి 0.05. మింగిన ద్రవ పాదరసం చాలావరకు అలాగే బయటికి పోతుంది, పీల్చిన ఆవిరిలో 80 శాతం దాకా ఒంట్లోకి చేరుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిగుళ్లు వాయడం ఉంటే మూత్రంలో పాదరసం పరీక్ష చేయించుకోండి.

వ్యాఖ్యాత: ఇంట్లో ఉన్నదాన్ని ఏం చేయాలి? చెరువులో నిమజ్జనం చేయవచ్చా?

అధ్యాపకురాలు: వద్దు. చెరువు అడుగున సూక్ష్మజీవులు దాన్ని మీథైల్ పాదరసంగా మారుస్తాయి, అది చేపల్లోకి చేరుతుంది. గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టి పిల్లలకు అందకుండా ఉంచండి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సేకరణ సంస్థకు అప్పగించండి. పెట్టిన చోట చుక్కలు కనిపిస్తే చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ వాడకండి, రెండూ దాన్ని గదంతా చిమ్ముతాయి. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో ఒకచోటికి తోసి, డ్రాపర్‌తో తీసి, నీళ్లున్న సీసాలో వేయండి. మిగిలినవాటిని టేపుతో అద్ది, ఆ టేపును కూడా అదే సీసాలో వేసి మూత బిగించండి.