తాతయ్యను అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం.

తొమ్మిదో తరగతిలో నాజీజం పాఠం విన్న రోజు ఇంటికొచ్చి మా తాతయ్యను అడిగాను, యూదుల్ని ఎందుకు చంపారని. "వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళమ్మా, జనానికి కడుపుమంట" అన్నారు. ట్యూషన్ మాస్టారు "ఏసును చంపించారని కోపం" అన్నారు. మా పిన్ని "హిట్లర్ పిచ్చోడే, అంతే" అంది. ముగ్గురూ నేనంటే ప్రాణం పెట్టేవాళ్ళే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చచ్చిపోయినవాళ్ళదే ఏదో తప్పున్నట్టు వినిపించింది.

ఏసు కూడా యూదుడే. ఆయన మరణానికి యూదులందరినీ నిందించకూడదని వాటికన్ 1965లో ప్రకటించింది. ఇక వడ్డీ సంగతి. మధ్యయుగాల యూరప్‌లో చాలాచోట్ల యూదులకు భూమి ఉండకూడదు, చేతివృత్తుల సంఘాల్లోకి రానివ్వరు. క్రైస్తవులు వడ్డీకి ఇస్తే పాపమని చర్చి చెప్పింది. అప్పు మాత్రం అందరికీ కావాలి. యూదుల్లో కొందరు ఆ పని చేశారు. వాళ్ళను చేయనిచ్చిన కొద్ది పనుల్లో అదొకటి!

1348లో ప్లేగు వచ్చినప్పుడు, బావుల్లో యూదులు విషం కలిపారని పుకారు లేచింది. యూదులూ అదే జబ్బుతో పోతున్నారు కదా, యూదులే లేని చోట్లా వస్తోంది కదా అని పోప్ ఆరవ క్లెమెంట్ రాశాడు. చాలాచోట్ల ఎవరూ వినలేదు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో యూదుల్ని కాపాడాలని చూసిన నగర పెద్దల్ని పదవుల్లోంచి దించేశారు. 1349 ఫిబ్రవరి 14న వందలమందిని సజీవంగా తగలబెట్టారు. అప్పటికి ఆ ఊళ్ళోకి ప్లేగు రానేలేదు. తర్వాత యూదుల దగ్గరున్న తాకట్టు వస్తువులు ఎవరివి వాళ్ళు తీసేసుకున్నారు. బాకీలన్నీ రద్దయ్యాయి. దొరికిన డబ్బు పంచుకున్నారు.

ఇది తెలిశాక తాతయ్య దగ్గర మళ్ళీ కూర్చున్నాను. "యూదులు ఏం చేశారని అడుగుతున్నాం గానీ, చంపినవాళ్ళకు ఏం దక్కిందని ఎందుకు అడగం తాతయ్యా?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

పిన్ని మాట కూడా నాకు చాలదు. హిట్లర్ ఒక్కడు. 60 లక్షలమందిని చంపడానికి రైళ్ళు నడిపినవాళ్ళు, జాబితాలు రాసినవాళ్ళు ఎంతమంది కావాలి? జర్మనీలోని హాంబర్గ్‌లో యూదుల్ని రైలెక్కించి పంపేశాక వాళ్ళ ఇళ్ళలోని సామాన్లు వేలం వేశారు. మామూలు జనం వచ్చి మంచాలూ దుప్పట్లూ పాడుకున్నారు. ఎవరి ఇంటివో తెలిసే కొని, ఆ మంచం మీద పడుకున్న మనిషి గురించి పెద్దవాళ్ళు మాకు చెప్పండి. పరీక్షలో అడగరని వదిలేయకండి.