ఎంతవరకు వేయించాలి?

శ్రోతలకు నమస్కారం.

ఒంట్లో నలతగా ఉన్నప్పుడో, మనసు బాగోలేనప్పుడో ఎవరికైనా ఏదో ఒక వంట మీదికి ధ్యాస పోతుంది. అది పండగ వంట కాదు, విందు వంట కాదు. అతిథులకు వడ్డించాలంటే కాస్త మొహమాటపడేంత మామూలు వంట. అలాంటిది ఓ రోజు స్నేహితురాలి ఇంట్లో తింటాం. ప్రాణం లేచొస్తుంది. "ఎలా చేశావో చెప్పవే" అని అడుగుతాం. ఆమె చెబుతుంది. ఇంటికొచ్చి చెప్పింది చెప్పినట్టే చేస్తాం. ఆ రుచి మాత్రం రాదు.

ఎందుకు రాదు? ఈ పూట మనం మాట్లాడుకునేది ఇదొక్కటే.

కావాలనే ఏదో దాచిపెట్టిందని కొందరు నొచ్చుకుంటారు. నేనైతే నమ్మను. అలా దాచుకునే మహానుభావులు ఎక్కడైనా ఉంటే ఉండనివ్వండి, మామూలుగా ఎవరూ దాచరు. చేతికి బాగా అలవాటైన పని నోటికి రాదు. రోజూ చేసే మనిషికి అందులో చెప్పాల్సినది ఏముందో తోచదు.

నా స్నేహితురాలు ఒకామె బంగాళాదుంప సూప్ చేస్తుంది. జలుబు చేసినప్పుడు అది ఓ గిన్నెడు తాగితే మళ్లీ మనిషినయ్యాననిపిస్తుంది. ఎలా చేయాలో ఫోన్లో అడిగాను. ఆమె చెప్పింది ఇదీ: "ఏముందే అందులో? ఉల్లిపాయలు వెన్నలో వేయించు, దుంపలు వెయ్యి, నీళ్లు పోసి ఉడికించు, మెదిపి పాలు పొయ్యి. ఉప్పూ మిరియాల పొడీ వేస్తే అయిపోయింది. ఉల్లిపాయలు వేగడానికి ఓ పది నిమిషాలు, అంతకంటే పట్టదు."

పది నిమిషాలు! నాకు నమ్మకం కుదరలేదు. ఆమె చేసే సూప్ కి లేత గోధుమ రంగు ఉంటుంది. పాలూ దుంపలూ ఉన్న సూప్ కి ఆ రంగు ఎక్కడినుంచి వచ్చింది? ఉల్లిపాయల్లోంచే రావాలి. ఉల్లిపాయలు పది నిమిషాల్లో ఆ రంగుకి రావు. అందుకే ఓ సాయంత్రం ఆమె వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. "నువ్వు చెయ్యి, నేను చూస్తాను" అన్నాను. నవ్వింది గానీ ఒప్పుకుంది.

ముందుగా ఆమె తీసింది వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నె. ఫోన్లో గిన్నె మాటే రాలేదు. ఇరుకు గిన్నెలో ఉల్లిపాయలు ఒకదాని మీద ఒకటి పడి తమ నీళ్లలో తామే ఉడుకుతాయి, వేగవు. పల్చటి గిన్నె అయితే ఒకచోట మాడి, ఇంకోచోట పచ్చిగా ఉండిపోతాయి. సూప్ సగం అక్కడే తేలిపోతుందన్నమాట.

తర్వాత ఉల్లిపాయలు. గిన్నె నిండా తరిగింది. వెన్న కరిగాక ముక్కలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టింది. "ఉప్పు చివర్లో కదా?" అన్నాను. "అది సూప్ కి. ఇది ఉల్లిపాయలకి" అంది. ఇది కూడా ఫోన్లో చెప్పలేదు. ఉప్పు పడితే ముక్కల్లోని నీరు త్వరగా బయటికొస్తుంది, మూత ఉంటే ఆ ఆవిరికే అవి మెత్తబడతాయి.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీళ్లే. నీళ్లు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎంత మంట పెట్టినా సరే. ఉల్లిపాయ ఎర్రబడాలంటే, ఆ కమ్మటి వాసన రావాలంటే, వేడి సుమారు 140 డిగ్రీల దాకా ఎక్కాలి. అంటే ముందు నీళ్లు పోవాలి, రంగు ఆ తర్వాతే. సన్నటి సెగ మీద ముదురు రంగు రావడానికి 40 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎన్నో వంటల పుస్తకాలు కూడా ఈ పనికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు అని రాసేస్తాయి. పాపం నా స్నేహితురాలిని అని ఏం లాభం?

మూత తీసింది. ఇప్పుడు వినండి, ఎందుకంటే ఇది రేడియోలో చెప్పడానికే పుట్టిన సంగతి. మొదట గిన్నెలోంచి రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. అది నీళ్ల చప్పుడు. ఆమె అటు చూడనైనా చూడకుండా దుంపల చెక్కు తీసుకుంటోంది, నాతో కబుర్లు చెబుతోంది. కొంతసేపటికి ఆ చప్పుడు సన్నగిల్లింది. ఆగి ఆగి చిటపటమంటోంది. మాట్లాడుతున్నదల్లా వాక్యం మధ్యలో ఆపేసి లేచి, సెగ తగ్గించి గరిటె అందుకుంది. "ఎలా తెలిసింది?" అన్నాను. "ఏం తెలిసింది?" అంది!

ఆమెకు చెవి చెప్పింది. చెవి చెప్పిన సంగతి ఆమెకే తెలియదు. ఇక ఫోన్లో నాకేం చెబుతుంది?

అక్కడినుంచి గిన్నె పక్కనుంచి కదల్లేదు. అడుగున గోధుమరంగు పొర అంటుకోగానే రెండు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో గీకింది. మళ్లీ అంటుకుంది, మళ్లీ చల్లి గీకింది. సూప్ కి రంగు ఇచ్చేది ఆ పొరే, రుచి ఇచ్చేదీ ఆ పొరే. అడుగంటిందని కంగారుపడి దించేస్తే రెండూ పోతాయి. గోధుమరంగు ఉన్నంతసేపు భయం లేదు, నల్లబడితే మాత్రం చేదే. గిన్నె నిండా వేసిన ఉల్లిపాయలు చివరికి గుప్పెడయ్యాయి.

దుంపల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే కొన్ని చితికిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. ఉడికాక గరిటె వెనుక వైపుతో మెదపాలి. మిక్సీలో వేయొద్దు. ఉడికిన దుంపలో పిండిపదార్థం ఉబ్బి ఉంటుంది. మిక్సీ బ్లేడు దాన్ని చీల్చేస్తే బయటికొచ్చి సాగుతుంది, సూప్ బంకబంకగా తయారవుతుంది. పాలు వేడిగా పోసి, మరగక ముందే దించేయాలి. అంతే.

చూశారా, ఆమె ఫోన్లో చెప్పిన దాంట్లో ఒక్క ఆ పది నిమిషాల మాట తప్ప ఏదీ తప్పు కాదు. ఏ దినుసూ వదిలిపెట్టలేదు. గిన్నె, ముందు వేసిన ఉప్పు సంగతి అలా ఉంచితే, వదిలిపెట్టినవన్నీ గుర్తులు. ఏ చప్పుడు వచ్చేదాకా, ఏ రంగు వచ్చేదాకా, ఏ వాసన వచ్చేదాకా అన్నవి.

కొలతలు పక్కాగా ఇస్తే చాలదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. కొలతలు ఇవ్వాల్సిందే. 1896లో అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ అనే వంట టీచరు, చెంచాడు అంటే పైన గీసి సమం చేసిన చెంచాడే అని తన పుస్తకంలో పట్టుబట్టి రాసింది. ఆమె పుణ్యాన ఎన్నో వంటలు కుదిరాయి. కానీ కప్పు అమెరికాలో సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్ లో 200. స్నేహితులు తలోదేశంలో ఉంటే కప్పు కూడా తలోరకం. దానికి తోడు మీ పొయ్యి వేరు, వాళ్ల పొయ్యి వేరు. ఎత్తైన కొండ ఊళ్లలో నీళ్లు 100 డిగ్రీల కంటే తక్కువకే మరుగుతాయి కాబట్టి దుంపలు ఉడకడానికే ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. నిమిషాలు ఇల్లు మారితే మారిపోతాయి. బంగారు రంగు ఏ ఇంట్లోనైనా బంగారు రంగే.

ఇంకో మాట. ఇలాంటి వంట తింటే మనసు నిజంగా కుదుటపడుతుందా? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఓ అధ్యయనం ప్రచురించారు. మనసు కలత పెట్టే వీడియో చూపించి, కొందరికి వాళ్లకు ఊరటనిచ్చే తిండి పెట్టారు, కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరూ ఇంచుమించు ఒకేలా తేరుకున్నారు. తిండి గొప్పేం కనిపించలేదు! అయితే అంతకు ముందు, 2011లో, ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వేరే తీరున అడిగారు. అందులో ఒక ప్రయోగంలో, దగ్గరివాళ్లతో గొడవపడిన సంగతి తలచుకున్నాక, తమకు ఊరటనిచ్చే తిండి గురించి రాయమన్నారు. తమ మనుషులతో గట్టి అనుబంధం ఉన్నవాళ్లకు అలా రాయడంతోనే ఒంటరితనం తగ్గింది. తినలేదు, రాశారంతే.

నాకిందులో నచ్చింది ఏమిటంటే, సూప్ తాగిన నాకే కాదు, సూప్ గురించి చెప్పిన ఆమెకూ ఏదో ముట్టిందని. వంట చేస్తూ ఆమె ఎన్ని కబుర్లు చెప్పిందో! ఇది ఎవరు నేర్పారు, మొదటిసారి ఎవరి కోసం చేసింది... కాగితం మీద ఎక్కే సంగతులు కావవి. నా మటుకు నాకు దినుసుల జాబితా కంటే అవే ముఖ్యం.

సరే, చేయాల్సింది ఒక్కటే. ఈసారి మిమ్మల్ని ఎవరైనా "ఎలా చేశారు?" అని అడిగితే వెంటనే చెప్పకండి. వాళ్లకు పాలు, గింజలు లాంటివి ఏవైనా పడవేమో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి. "మళ్లీ చేసేటప్పుడు ఫోన్ చేస్తాను" అనండి. చేసేటప్పుడు స్పీకర్ ఆన్ చేసి, చేస్తున్నది చేస్తున్నట్టు పైకి చెప్పండి. ఇదిగో సెగ తగ్గిస్తున్నా, ఇదిగో నీళ్లు చల్లుతున్నా అని. వినేవాళ్లు ఊరుకోకూడదు. "ఎంతసేపు?" అని కాదు, "ఎంతవరకు?" అని అడగాలి. సెగ తగ్గించారా, ఎందుకు తగ్గించారో అప్పుడే అడగండి. తర్వాత అడిగితే వాళ్లకే గుర్తుండదు. కుదరకపోతే మాటలు రికార్డు చేసి పంపినా సరే. గిన్నె చప్పుడు కూడా అందులో పడుతుంది, అది మీరు చెప్పేదానికంటే ఎక్కువే చెబుతుంది.

ఫోన్ మాత్రం పొయ్యికి కాస్త దూరంగా పెట్టుకోండి, ఆవిరి తగిలితే పాడవుతుంది. ఉంటాను మరి, నమస్కారం.