రోజుకెన్ని కాలుస్తారు?

అందరికీ నమస్కారం.

ఇక్కడ హౌస్‌సర్జన్లు చాలామందే కనిపిస్తున్నారు. కేస్‌షీట్ రాసేటప్పుడు పొగ అలవాటు ఉందా, ఎప్పట్నుంచి, రోజుకెన్ని అని అడుగుతారు కదా. విసుక్కుంటూనే అడుగుతారు, నేనూ అలాగే అడిగేవాణ్ణి. ఇవాళ ఆ ప్రశ్న సంగతే చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు బాగా పెరిగిపోయాయి. ఎందుకో తేల్చే పని డాక్టర్ రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ మీద పడింది. హిల్ అసలు డాక్టరే కాదు. కుర్రతనంలో క్షయ పట్టుకుని వైద్యం చదవలేకపోయిన లెక్కల మనిషి. డాల్‌కేమో మొదట్లో అనుమానమంతా తారు రోడ్ల మీద! ఆయన జేబులోనూ సిగరెట్లు ఉండేవి మరి.

లండన్‌లో 20 ఆసుపత్రులు తిరిగి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 709 మందినీ, అదే వయసులో వేరే జబ్బులతో ఉన్న 709 మందినీ ఒకే రకం ప్రశ్నలు అడిగించారు. క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ అలవాటు లేనివాళ్లు ఇద్దరే. అవతలి గుంపులో 27 మంది. లెక్కలు పూర్తికాకముందే డాల్ సిగరెట్ మానేశాడు.

1950లో అచ్చయిన ఆ పేపర్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కొందరిని క్యాన్సర్ రోగులనుకునే ప్రశ్నలడిగారు. తర్వాత చూస్తే జబ్బు వేరు. వాళ్ల పొగ అలవాటు చూస్తే, క్యాన్సర్ లేనివాళ్లతోనే సరిపోయింది. అడిగేవాళ్లు ముందే ఒక నిర్ణయానికొచ్చి అందుకు తగ్గ జవాబులు రాబట్టారేమోనన్న సందేహం అక్కడ తీరిపోయింది. తప్పు డయాగ్నసిస్ ఇంతగా పనికొచ్చిన సందర్భం నాకింకొకటి తెలియదు.

అయినా రోనాల్డ్ ఫిషర్ ఒప్పుకోలేదు. గణాంకశాస్త్రంలో అంతటివాడు, పైపు మాత్రం వదిలేవాడు కాదు. పొగ తాగాలనిపించడానికీ క్యాన్సర్ రావడానికీ ఒకే జన్యువు కారణం కావచ్చుగా అన్నాడు. వాదనగా చూస్తే కొట్టిపారేయదగ్గది కాదు.

డాల్, హిల్ అప్పటికే ఇంకో దారి పట్టారు. 1951లో బ్రిటిష్ డాక్టర్లకే ఉత్తరాలు రాశారు, మీరెంత కాలుస్తారో చెప్పండని. 40 వేల మందికి పైగా జవాబిచ్చారు. ఇక ఎవరు ఎప్పుడు దేనితో పోయారో రాసుకుంటూ కూర్చోవడమే పని. 1954కే ధోరణి తెలిసిపోయింది, కానీ పుస్తకం మూయలేదు. 50 ఏళ్ల లెక్క 2004లో వచ్చింది, అప్పటికి డాల్‌కు 91.

“ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానేస్తే ఏం లాభం డాక్టరుగారూ” అని మిమ్మల్ని అడుగుతుంటారు కదా. జవాబు ఆ లెక్కలోనే ఉంది. 60 ఏళ్ల వయసులో మానితే ఆయుష్షులో సుమారు 3 ఏళ్లు కలిసొస్తాయి, 50లో అయితే 6, 40లో 9, 30లో 10.