డోలు కళాకారుడికి ఆచార్య పదవి ఇస్తారా?

వ్యాఖ్యాత: తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామన్న హామీ 2014 నాటి పునర్విభజన చట్టంలోనే ఉంది. పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబరులో, ములుగులో తరగతులు 2024లో! ఆలస్యం కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అక్కడ ఏం చదువుకోవాలి? సార్, మీరు చెప్పండి.

విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు: 889 కోట్ల పైచిలుకు అంచనా వేశారు, భవనాలు ఎలాగూ లేస్తాయి. నా దిగులు పాఠాల గురించి. ఇంగ్లీషు, ఆర్థికశాస్త్రం డిగ్రీలతో మొదలుపెట్టారు. మంచిదే, కానీ అవి హన్మకొండలోనూ దొరుకుతాయి. మేడారం దారిలో ఉన్న విశ్వవిద్యాలయం కోయల చరిత్ర చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

పరిశోధక విద్యార్థిని: ఎవరు చెప్పాలన్నదే నా ప్రశ్న సార్. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి పెద్దల దగ్గర కూర్చుని రాసుకున్నవాళ్లం డాక్టర్లమవుతాం. పాడినవాళ్లకు శాలువా కప్పుతారు.

అధ్యాపకుడు: అలాంటి కళాకారులను ఆచార్యులుగా తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవంటారు. ఒప్పుకుంటాయమ్మా! 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' పేరుతో యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అనుభవం ఉంటే చాలు, డిగ్రీ తప్పనిసరి కాదు. సాహిత్యం, కళలు కూడా అందులో ఉన్నాయి.

వసతి గృహ సంక్షేమాధికారిణి: మీరిద్దరూ పాఠం దగ్గరే ఆగిపోయారు. పిల్లలు తరగతిదాకా రావాలి కదా! ఉపకార వేతనం ఆలస్యమైతే మెస్ బాకీ పెరుగుతుంది. బాకీ తీరందే సర్టిఫికెట్లు ఇవ్వరన్న భయంతో కొందరు మధ్యలోనే ఇంటిదారి పడతారు. మేడారం జాతరకు వెళ్లొస్తే హాజరు తగ్గిందంటారు. రెండేళ్లకోసారి, మాఘమాసంలో వచ్చే జాతర అది. ఆ వారం పరీక్షలు పెట్టకుండా ఉండటానికి ఏ నిధులు కావాలి?

విద్యార్థిని: ఇంకొకటి మేడమ్. మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠం అందని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సీనియర్లు రాత్రిపూట కోయలోనో గోండిలోనో విడమరచి చెబుతారు. అది బోధనే. దానికి గౌరవ వేతనం ఇవ్వాలి, క్రెడిట్లు కూడా ఇవ్వాలి. గుంజాల గోండి లిపి 2018లోనే కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది, కాబట్టి లిపి లేదు, నోట్సు ఎలా ముద్రిస్తామన్న సాకు చెల్లదు.

సంక్షేమాధికారిణి: ఆ క్రెడిట్ల మాట నాకు నచ్చింది. సహాయం వేరు, చదువు వేరు అనుకోవడం వల్లే మా విభాగం దరఖాస్తులు తీసుకునే కిటికీగా మిగిలింది.

వ్యాఖ్యాత: సార్, డోలు కళాకారుడికి జీతమంటే డబ్బెక్కడిది?

అధ్యాపకుడు: సంస్థ సొంత నిధుల నుంచి ఇవ్వవచ్చు. లేదంటే గౌరవ హోదాలో నియమించే వీలూ ఉంది.

విద్యార్థిని: గౌరవం ఎప్పుడో ఇచ్చారు సార్. మేమడిగేది జీతం.