నష్టం వస్తే ఎవరిది? హలాల్ ముద్ర, వడ్డీ లేని బ్యాంకు గురించి కడప నుంచి

[దృశ్యం: కడప ఏడురోడ్ల కూడలి, పొద్దున్నే. వరుసగా ఆటోలు.]

నమస్తే. మా వీధిలో ఆటో నడిపే భాయ్ పోయిన నెల నన్ను ఆపి ఒక కాగితం చేతిలో పెట్టాడు. "తమ్ముడూ, హలాల్ స్కీమంట. లక్ష కడితే నెలకు మూడు వేలు గ్యారంటీ. వడ్డీ కాదు, లాభమేనంట. కట్టేదా?" కాగితం మీద పచ్చగా, గుండ్రంగా హలాల్ ముద్ర. హలాల్ అంటే ఇస్లాం ప్రకారం చెల్లుబాటు అయ్యేది. ఆ లక్ష ఆయన కూతురి నర్సింగ్ ఫీజు కోసం దాచింది. ఈ వీడియో ఆయన కోసమే చేస్తున్నా.

[దృశ్యం: మటన్ కొట్టు.]

ముందు ఆ ముద్ర సంగతి. మన బజారులో మటన్ కొట్టుకు పోయినవాళ్లు ఎవరైనా సర్టిఫికెట్ అడుగుతారా? కోసేదెవరో తెలుసు, ఎట్లా కోస్తాడో తెలుసు. మనిషి తెలియని చోటే కాగితం కావాల్సి వస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడండి.

[దగ్గరగా: ప్యాకెట్ వెనక "ఎమల్సిఫైయర్ 471" అన్న అక్షరాలు.]

ఎమల్సిఫైయర్ అంటే నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం. ఈ 471ని నూనె గింజల నుంచి తీయొచ్చు, జంతువుల కొవ్వు నుంచీ తీయొచ్చు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉంటే జంతువుది కాదని తెలుస్తుంది. కానీ వాసన కోసం వేసే ఫ్లేవర్‌ను ఆల్కహాల్‌లో కరిగించారా అన్నది ఆ చుక్క చెప్పదు. మందుల క్యాప్సూల్ పెంకును జెలటిన్‌తో, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థంతో చేస్తే, అది ఏ జంతువుదో చూసి తెలుసుకోలేం. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఫ్యాక్టరీకి పోయి చూడాల్సింది ఇవే. మన దగ్గర ఆహార వ్యాపారానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సో రిజిస్ట్రేషనో తప్పనిసరి, హలాల్ ముద్ర మాత్రం కంపెనీ ఇష్టం. ఇండోనేషియాలో 2014 నాటి చట్టంతో దాన్ని దశలవారీగా తప్పనిసరి చేస్తున్నారు. 2023లో మన కేంద్ర ప్రభుత్వం కూడా మాంసం ఎగుమతులకు హలాల్ సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలో నియమాలు పెట్టింది. ఉత్తరప్రదేశ్ అదే ఏడాది నవంబరులో, ఎగుమతులను మినహాయించి, ఆ ముద్ర ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించింది.

కూడు మీద వేసే ముద్ర వేరు, డబ్బు మీద వేసే ముద్ర వేరు. భాయ్ కాగితంలో గుట్టంతా అక్కడే ఉంది.

[దృశ్యం: గొర్రెల మంద.]

ఇస్లాంలో వడ్డీ, అంటే రిబా, నిషిద్ధం. లాభం నిషిద్ధం కాదు. ఈ తేడా మన పల్లెల్లో ఎవరికైనా అర్థమవుతుంది. గొర్రెలను పాలుకు, అంటే వాటాకు, ఇవ్వడం చూసే ఉంటారు. గొర్రెలు ఒకరివి, మేపే కష్టం ఇంకొకరిది, పుట్టిన పిల్లలు చెరిసగం. రోగమొచ్చి గొర్రె చస్తే? మేపినాయన తప్పు లేకుంటే నష్టం గొర్రె సొంతదారుదే. మేపినాయనకు తన కష్టం పోయింది, అంతే. ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో ముదారబా అనేది దీనికి చాలా దగ్గర. ఆటో ఒకరిది, రోజు బాడుగకు నడిపేది ఇంకొకరు. అక్కడ దాన్ని ఇజారా అంటారు.

ఇంకోటి మురాబహా. బ్యాంకు అప్పివ్వదు. ఆటోను తనే 3 లక్షలకు కొని, ఆ ధర మీకు చెప్పి, 3,60,000కు మీకు అమ్ముతుంది. నెలకు 10,000 చొప్పున 36 కంతులు. ఒకసారి రాసుకున్న ధర పెరగదు. కంతు ఆలస్యమైతే వేసే జరిమానా దానధర్మాలకు పోవాలి, బ్యాంకు లాభంలో కలపకూడదు.

"ఇది వడ్డీకి వేరే పేరే కదా?" అంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే, ముస్లిం పండితుల్లోనే అడిగినవాళ్లు ఉన్నారు. చాలా బ్యాంకులు ఆ లాభాన్ని బజారు వడ్డీ రేటు చూసే లెక్క కడతాయి. నేను చూసే తేడా ఒకటే. మీకు అమ్మేలోపు ఆ ఆటో కాలిపోతే నష్టం బ్యాంకుది. ఆ బాధ్యత నిజంగా మోయకుండా కాగితాలు మాత్రమే చేతులు మారితే, నా మటుకు నాకు అది వడ్డీయే.

ఈ వడ్డీ లేని బ్యాంకింగ్ 1963లో ఈజిప్టులోని మిత్ ఘమ్ర్ అనే ఊళ్లో చిన్న పొదుపు బ్యాంకుగా మొదలైంది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది, 1983లో మలేషియా చట్టమే చేసింది. మన దేశంలో 1949 నాటి బ్యాంకింగ్ చట్టం ప్రకారం బ్యాంకు సరుకులు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు. మురాబహాకు దారి అక్కడే మూసుకుపోయింది. వడ్డీ లేని బ్యాంకింగ్ తేవాలని 2008లో ఆర్థికవేత్త రఘురామ్ రాజన్ కమిటీ చెప్పింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోవడం లేదని 2017లో రిజర్వ్ బ్యాంకు తేల్చేసింది.

[దగ్గరగా: భాయ్ ఇచ్చిన కాగితం, "గ్యారంటీ" అన్న మాట మీద వేలు.]

ఇప్పుడు ఈ కాగితం చూడండి. లక్షకు నెలకు మూడు వేలు. అంటే నూటికి మూడు రూపాయలు, ఏడాదికి 36 శాతం! మన ఊరి వడ్డీ వ్యాపారి లెక్కే ఇది. గొర్రె చచ్చినా పిల్ల ఇస్తామంటున్నారు. గ్యారంటీ అన్న మాట రాసిన క్షణమే అది హలాల్ పెట్టుబడి కాకుండా పోయింది. 2019లో బెంగళూరులో ఇట్లాంటి పేరుతోనే నడిచిన ఒక సంస్థ మూతపడి వేలమంది డబ్బు చిక్కుకుంది. అనుమతి లేని డిపాజిట్ స్కీములను నిషేధిస్తూ అదే ఏడాది కేంద్రం చట్టం తెచ్చింది. ఏ సంస్థకు అనుమతి ఉందో రిజర్వ్ బ్యాంకు వారి సచేత్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. వడ్డీ వ్యాపారం, మద్యం కంపెనీలను వదిలేసి షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్లు షేర్ మార్కెట్‌ను అదుపులో ఉంచే సెబీ కింద ఉన్నాయి. వాటిలో లాభం రావొచ్చు, నష్టమూ రావొచ్చు. ఆ మాట వాళ్లే ముందు చెబుతారు.

భాయ్‌కి ఒక్క ప్రశ్న నేర్పించి పంపాను. ఏజెంటును అడిగాడంట, "నష్టమొస్తే ఎవరిది?" అని.

"మాకు నష్టమే రాదు భాయ్" అన్నాడంట.

[దృశ్యం: భాయ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సీటు కింద దోపి, ఆటో స్టార్ట్ చేస్తాడు.]